తెల్లనివన్నీ పాలు కావు

పాత కామిక్ పుస్తకాలు సేకరించేవారి లోకంలో ఒక వర్ణవ్యవస్థ ఉంది. ఇది ఎత్తిపొడుపు మాట కాదు, అక్షరాలా నిజం. అక్కడ అగ్రస్థానం తెలుపుది. దాని కింద తెలుపుకు దగ్గరైన తెలుపు, ఆ కింద మాసిన తెలుపు, ఆ కింద మీగడరంగు, ఇంకా కింద లేత గోధుమరంగు, అన్నిటికంటె అడుగున పెళుసు. పుస్తకం తెరిచి, లోపలి కాగితం ఏ రంగులో ఉన్నదో చూసి, దానికొక మెట్టు కేటాయిస్తారు. ఆ మెట్టును బట్టి వేల డాలర్లు అటూ ఇటూ అవుతాయి. ఈ పద్ధతి లోపభూయిష్టమని నా వాదన. దీనిని మన పాత చందమామలకు, బాలమిత్రలకు కూడా అంటగట్టడం అంతకంటె పెద్ద అన్యాయమని కూడా నా వాదన. ఇరవై ఏళ్ళుగా రెండు రకాల పాత కాగితాన్నీ చేతులతో పట్టుకు తిరుగుతున్నవాడిగా ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

సంగతి తెలియనివారి కోసం కొంచెం పూర్వకథ. అమెరికాలో 1930లలో పుట్టిన కామిక్ పుస్తకం పది సెంట్ల సరుకు. పైన నునుపైన అట్ట, లోపల అన్నిటికంటె చవకరకం న్యూస్‌ప్రింట్, నడుమ రెండు ఇనుప పిన్నులు. పిల్లలు చదివి, చేతులు మార్చుకొని, చివరకు పారేయడానికి తయారైన వస్తువు అది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో దేశమంతటా చిత్తుకాగితాల సేకరణ ఉద్యమంగా సాగినప్పుడు ఇళ్ళలోని కామిక్ పుస్తకాలు మూటలుగా వెళ్ళిపోయాయి. అందుకే మిగిలినవాటికి ఇంత గిరాకీ. 1938 జూన్ తేదీతో వెలువడి సూపర్‌మాన్‌ను లోకానికి పరిచయం చేసిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక ప్రతి ఒకటి 2024 ఏప్రిల్‌లో 60 లక్షల డాలర్లు పలికింది.

ఇంత ధర ఉన్నచోట కొలబద్దలు పుట్టుకొస్తాయి. 1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ ధరల పట్టిక మొదలుపెట్టాడు. 1990ల మొదట్లో ఆ పట్టిక వారే కాగితం తెలుపును పోల్చి చూసుకోవడానికి రంగుల గళ్ళున్న ఒక కార్డును తెచ్చారు. 2000లో సీజీసీ అనే గ్రేడింగ్ సంస్థ పని మొదలుపెట్టింది. పుస్తకాన్ని పరీక్షించి, 0.5 నుంచి 10 దాకా ఒక అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు వేస్తుంది. ఆ పెట్టెపై చీటీలో అంకెతో పాటు ఒక చిన్న పంక్తి ఉంటుంది: లోపలి కాగితం రంగు. నా తగవు ఆ పంక్తితోనే.

ఆ పంక్తి బలం ఎంతటిదో చూడండి. యాక్షన్ కామిక్స్ మొదటి సంచికకే 9.0 గ్రేడు వచ్చిన ప్రతి ఒకటి 2011లో 21,61,000 డాలర్లకు అమ్ముడుపోయింది. అదే గ్రేడు గల మరొక ప్రతి 2014 ఆగస్టులో 32,07,852 డాలర్లకు పోయింది. మూడేళ్ళలో బజారు పెరిగి ఉండవచ్చు, కాదనను. కాని ఆ రెండవ ప్రతి గురించిన ప్రచారంలో పదేపదే వినిపించిన మాట ఒక్కటే: దాని కాగితం తెల్లగా ఉంది అని.

ఇక విచారణలోకి వస్తాను.

మొదటి అభ్యంతరం తర్కానికి సంబంధించినది. ఆ మెట్లను మరొక్కసారి చదవండి. తెలుపు, మాసిన తెలుపు, మీగడ, గోధుమ, ఆ తరువాత పెళుసు. మొదటివన్నీ రంగులు. చివరిది రంగు కాదు, బలహీనత. మనిషి ఆరోగ్యాన్ని లెక్కకట్టేటప్పుడు 'పచ్చని ఛాయ, చామనఛాయ, నలుపు, గుండెజబ్బు' అని ఒకే వరుసలో రాస్తే ఎంత హాస్యాస్పదంగా ఉంటుందో ఇదీ అంతే. రంగు మారుతూ పోతే చివరకు పెళుసవుతుందని, పెళుసుతనమంటే ముదిరిన పసుపేనని ఈ వరుస మనకు తెలియకుండానే నమ్మిస్తుంది. ఆ నమ్మకం తప్పు.

కాగితం పసుపెక్కడానికీ, పెళుసెక్కడానికీ కారణాలు వేరు. చవక కాగితాన్ని కట్టెను యంత్రంతో నూరిన గుజ్జుతో చేస్తారు. అందులో లిగ్నిన్ అనే పదార్థం అలాగే మిగిలిపోతుంది. చెట్టును నిటారుగా నిలబెట్టే జిగురు అది. వెలుతురు, గాలి తగిలితే లిగ్నిన్ మార్పుచెంది గోధుమరంగు పులుముకుంటుంది. ఇది రంగు కథ. పెళుసు కథ వేరు. కాగితానికి బలమిచ్చేది సెల్యులోజ్ పోగులు. కాగితంలోని ఆమ్లం, గాలిలోని తేమ కలిసి ఆ పొడవాటి గొలుసులను లింకు వెంట లింకు తెంపుతూ పోతాయి. గొలుసులు పొట్టివవుతున్నకొద్దీ కాగితం వంగే గుణం పోయి విరుగుతుంది. ఈ తెంపుడు పని చీకటిలో కూడ సాగుతుంది, కంటికి కనబడకుండా సాగుతుంది.

నమ్మకం కుదరకపోతే ఇవాళ్టి దినపత్రికను ఎండ పడే వరండాలో మూడు రోజులు పరచి ఉంచండి. స్పష్టంగా పసుపెక్కుతుంది. ఇప్పుడు మూల మడవండి. విరుగుతుందా? విరగదు. దీనికి విరుద్ధంగా, రసాయనాలతో లిగ్నిన్ తీసేసి, పటికతో గట్టిపరిచిన కాగితంపై అచ్చయిన వందేళ్ళ నాటి గ్రంథాలు గ్రంథాలయాలలో ఎన్నో ఉన్నాయి. చూపుకు పెద్దగా రంగు మారినట్లుండదు. మూల మడిస్తే మాత్రం అప్పడంలా విరిగి చేతికొస్తుంది. అమెరికాలో విలియం బారో అనే పరిరక్షకుడు 1950ల చివర, 1900 నుంచి 1949 దాకా అచ్చయిన 500 పుస్తకాల కాగితాన్ని పరీక్షించి, వాటిలో అత్యధికం ఆ శతాబ్దం దాటి నిలవవని గ్రంథాలయాలను హెచ్చరించాడు. ఆయన ఆధారపడినది మడత పరీక్ష పైన, చిరుగు పరీక్ష పైన. గ్రంథాలయాలు అరవై ఏళ్ళ క్రితమే నేర్చుకున్న పాఠాన్ని లక్షల డాలర్ల వ్యాపారం నేటికీ నేర్చుకోలేదు.

రెండవ అభ్యంతరం. అసలు ఈ తెలుపు అనే కొలమానం ఎక్కడిది? కామిక్ పుస్తకం అచ్చు యంత్రం నుంచి దిగిన రోజున కూడ దాని లోపలి కాగితం తెల్లగా లేదు. కాగితపు పరిశ్రమ తన సరుకు ప్రకాశాన్ని నీలికాంతి ఎంత శాతం తిరిగివస్తుందన్న లెక్కలో కొలుస్తుంది. ఆఫీసులో వాడే కాగితానికి ఆ అంకె 90 పైన ఉంటే, కొత్త న్యూస్‌ప్రింట్‌కు అది సుమారు 60. అంటే పుట్టుకతోనే బూడిద కలిసిన మీగడరంగు. పుట్టినప్పుడే లేని గుణాన్ని ఎనభయ్యేళ్ళ తరువాత ఆ వస్తువులో వెతుకుతున్నాం. అంతేకాదు, మన కంటికి తెలుపంటే అలవాటైనది కాంతివర్ధక రసాయనాలు కలిపిన నేటి కాగితపు తెలుపు. ఆ రసాయనాలు కాగితంలోకి వచ్చినది 1950 ప్రాంతాలలో. అతినీలలోహిత టార్చి వేసి చూస్తే నేటి కాగితం నీలంగా వెలుగుతుంది. 1940 నాటి పుట ఒకటి అలా వెలిగిందంటే సంతోషించవలసిన పని లేదు, అనుమానించవలసిన పని ఉంది. అతిగా తెల్లనైన పాత కాగితం ముందు అడగవలసిన ప్రశ్న 'ఎంత?' కాదు, 'ఎందుకు?'

మూడవది చూసే తీరు. కామిక్ పుస్తకంలో అచ్చు పడని కాగితం ఎక్కడ కనబడుతుంది? అంచుల్లో, మాటల బుడగల్లో, పాత్రల కనుగుడ్ల తెలుపులో. మిగిలినదంతా రంగుచుక్కల మయం. ఎర్రని ఆకాశం పక్కనున్న బుడగ ఒక రంగుగా, నీలి సముద్రం పక్కనున్న బుడగ మరొక రంగుగా తోస్తుంది. పచ్చటి బల్బు కింద చూసినది మీగడ, కిటికీ వెలుతురులో చూసినది తెలుపు. అందుకే అచ్చురంగంలో రంగు సరిచూసే చోట 5000 కెల్విన్ దీపం ఉండాలని ప్రమాణం పెట్టుకున్నారు. ఇళ్ళలో, అంగళ్ళలో, పాత పుస్తకాల మేళాలలో ఆ దీపం ఎవరి దగ్గర ఉంది?

పోనీ దీపం ఉందనుకుందాం. ఏ పుట చూడాలి? అరవై పైచిలుకు పుటల పుస్తకంలో అంచులు ముందు ముదురుతాయి, నడిమి పుటలు చివరిదాకా లేతగా ఉంటాయి. దొంతరలో పై పుస్తకం వేలెడంత పక్కకు జరిగితే, బయటపడిన ఆ పట్టీ మేర కింది పుస్తకం అట్టపై నల్లని చార పడుతుంది. నునుపైన అట్ట వేరే కాగితం కనుక లోపల ముదిరినా తాను మెరుస్తూనే ఉంటుంది. ఇన్ని తేడాలున్న వస్తువుకు ఒక్క మాట! 'మాసిన తెలుపు నుంచి తెలుపు' అనే మెట్టు చూడండి. అది కొలత కాదు, రాజీపత్రం. రంగును అంకెలలో చెప్పే యంత్రాలు అచ్చు కర్మాగారాలలో దశాబ్దాలుగా ఉన్నాయి. వాటితో కొలిచి, ఫలానా పుటలో ఫలానా చోట ఇంత అని రాస్తే నాకు అభ్యంతరం ఉండదు. కంటి అంచనాకు కొలత వేషం వేస్తేనే అభ్యంతరం.

నాలుగవది నా దృష్టిలో అన్నిటికంటె గడ్డు సమస్య. చీటీ మీద మాట రాసి పెట్టెకు సీలు వేస్తారు. ఆ క్షణం నుంచి లోపలి పుట ఎవరికీ కనబడదు. కొనేవాడు కాగితాన్ని కొనడం లేదు, కాగితం గురించిన ఒక మాటను కొంటున్నాడు. ఆ మాట 2003లో రాసినదైతే దాని వయసు ఇరవై ఏళ్ళు పైబడింది. ఈ ఇరవై ఏళ్ళూ ఆమ్లం సెలవు తీసుకున్నదా? పెట్టె ఏ అటకపై, ఏ ఎండ తగిలే గోడపై ఉన్నదో చీటీకి తెలియదు. పది డిగ్రీల వేడి పెరిగితే రసాయనచర్య వేగం సుమారు రెట్టింపవుతుందని ఇంటర్మీడియట్ విద్యార్థి కూడ చెబుతాడు. పుస్తకం ముసలిదవుతూ ఉంటుంది, చీటీ మాత్రం నిత్యయౌవనంతో వెలుగుతూ ఉంటుంది.

ఐదవది దీని ఫలితం. తెలుపుకు ధర ఉన్నప్పుడు తెలుపును తయారుచేసేవారు పుడతారు. బ్లీచింగ్ చేసే రసాయనాలు లిగ్నిన్ రంగును తాత్కాలికంగా పోగొడతాయి, దానితో పాటు సెల్యులోజ్ గొలుసులనూ కొరుకుతాయి. సరిగా కడిగి తీయకపోతే లోపలే ఉండి కొరుకుతూనే ఉంటాయి. కొన్నాళ్ళకు పసుపు మళ్ళీ తిరిగి వస్తుంది, పోయిన బలం మాత్రం రాదు. ఒక విక్రేత నుంచి నాకు వచ్చిన 1950ల నాటి గుర్రపురౌతుల కామిక్ ఒకటి ఉంది. బుడగలన్నీ సున్నం కొట్టినట్లున్నాయి. పిన్నుల కింద, రసాయనం చేరని చోట మాత్రం ముదురు గోధుమరంగు. ఎరుపు వెలిసి గులాబీ అయింది. రెండవసారి తెరిచినప్పుడు నడిమి కాగితం పిన్ను దగ్గర ఊడి వచ్చింది. అమ్మకపు ప్రకటనలో రాసినది ఏమిటి? 'కాగితం: తెలుపు.' పైన పటారం, లోన లొటారం. నిపుణులు ఇటువంటి పనిని చాలావరకు పట్టుకుంటారు, ఒప్పుకుంటాను. నిపుణుడి దాకా వెళ్ళని పుస్తకాలు ఎన్ని వేలో!

ఇక ఎదుటిపక్షం వాదన. దానిని దాటవేయడం న్యాయం కాదు. 'తెలుపు అనేది పుస్తకం ఎలా దాచబడిందో చెప్పే సాక్ష్యం కదా' అంటారు. నిజమే. డెన్వర్ నగరంలో ఎడ్గర్ చర్చ్ అనే చిత్రకారుడు దశాబ్దాలపాటు కొని దొంతరలుగా పేర్చుకున్న వేలాది కామిక్ పుస్తకాలను 1977లో చక్ రోజాన్‌స్కీ అనే యువ వ్యాపారి కొన్నాడు. వెలుతురు సోకని చోటు, పొడిగాలి, ఒకదానినొకటి అదిమిపట్టిన దొంతరలు. వాటి కాగితం నేటికీ సేకర్తలకు ఆదర్శం. అక్కడ తెలుపు మంచి సంరక్షణకు గుర్తు. కాని గుర్తును పట్టుకొని వస్తువుగా పూజించడం మొదలైతేనే చిక్కు. బొట్టు చూసి ముత్తైదువ అనుకోవచ్చు, బొట్టు పెడితేనే ముత్తైదువ అయిపోదు. 'కామిక్ అంటే బొమ్మ కదా, కాగితం రంగు బొమ్మలో భాగం కదా' అని మరొక వాదన. ఇదీ నిజమే. కాగితం ముదిరితే నీలం పచ్చబారుతుంది, తెల్లచొక్కా మాసిపోతుంది. అయితే అది అందానికి సంబంధించిన విషయమని చెప్పి అందానికి ధర కట్టండి. ఆయుష్షు పేరు చెప్పి అందాన్ని అమ్మకండి.

ఇంతవరకు అమెరికా వారి గొడవ. వారి డబ్బు, వారి సరదా, మనకెందుకు అని ఊరుకొనేవాడినే. ఊరుకోలేకపోవడానికి కారణం ఉంది. ఈ మధ్య పాత తెలుగు పిల్లల పత్రికలకు కూడ కొనేవారు, అమ్మేవారు ఏర్పడ్డారు. సంతోషమే. కాని వారితో పాటు ఈ పరిభాష కూడ దిగుమతి అయింది. 'చందమామ, 1958, వైట్ పేజెస్' అని ప్రకటనలు చూస్తున్నాను. 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రిక ఏ కాగితంపై అచ్చయిందో, ఏ ఇళ్ళలో బ్రతికిందో ఈ ప్రకటనకర్తలు ఒక్క నిమిషం ఆలోచించారా?

డెన్వర్ పొడిగాలి కాకినాడలో లేదు. మన కోస్తాలో ఏడాదిలో ఎక్కువ భాగం గాలి తడిగా ఉంటుంది, వేసవిలో పెంకుటింటి అటక పొయ్యిలా కాగుతుంది. కాగితంలోని ఆమ్లానికి ఇంతకంటె అనువైన వాతావరణం లేదు. తడికి పిన్నులు తుప్పుపట్టి చుట్టూ ఎర్రని మరకలు వేస్తాయి. చెదలు, వెండిపురుగులు తమ వాటా తాము తింటాయి. పైగా ఆ పత్రికలు దాచుకోవడానికి కొన్నవి కావు, ఇంటిల్లిపాదీ చదవడానికి కొన్నవి. పన్నెండు సంచికలను కలిపి కాలికో గుడ్డతో బైండు చేయించిన ఇళ్ళు ఎన్నో. బైండు చేసేవాడు అంచులు కత్తిరిస్తాడు, ఒక్కొక్కసారి అట్టలు కూడ తీసేస్తాడు. అమెరికా కొలబద్దతో చూస్తే ఇవన్నీ పతితాలే. కాని ఆ బైండ్లే లేకపోతే ఆ సంచికలు ఈపాటికి ఉండేవా?

ఈ కొలబద్ద మన దగ్గర చేసే హాని ఊహ కాదు. 2018లో తూర్పుగోదావరిలో మా బాబాయిగారింటికి వెళ్ళినప్పుడు అటకపై ఉండే చందమామల బైండ్ల గురించి అడిగాను. ఆయన ఎంతో మామూలుగా అన్నారు: "పోయినేడాది దాకా ఉన్నాయిరా. ఎవరో కొనేవాడొచ్చి చూశాడు. కాగితం ఎర్రబడిపోయింది, వీటికి ధర రాదన్నాడు. ఇంక దాచి ఏం లాభమని కాగితాలవాడికి వేసేశాం." పదహారేళ్ళ సంచికలు కిలోల లెక్కన పోయాయి. నేను వాటిని చిన్నప్పుడు ఎన్నిసార్లు తిప్పానో నాకు తెలుసు. ఎర్రబడినమాట నిజం. ఒక్క పుట విరిగేది కాదు, ఒక్క అక్షరం చెదిరింది లేదు. అమెరికాలో యుద్ధకాలపు చిత్తుకాగితాల సేకరణ చేసిన పనిని మన దగ్గర 'ధర రాదు' అనే రెండు మాటలు చేస్తున్నాయి.

ఈ మోజు కంప్యూటర్ల లోకి కూడ పాకింది. పాత సంచికలను స్కాన్ చేసి దాచేవారు పుణ్యాత్ములు, వారికి నమస్కారం. కాని వారిలో కొందరు పుట వెనుక పసుపును తీసేయాలన్న ఆరాటంలో తెలుపు మీట చివరిదాకా తిప్పుతున్నారు. పసుపుతో పాటు లేతరంగులూ కొట్టుకుపోతాయి. వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రాలలో నీటిరంగు ఒకదానిపై ఒకటి పొరలుగా కరిగి ఉంటుంది. ఆ సంధికాంతి, ఆ మసక అంతా సున్నపుగోడలా మారిపోయిన ప్రతులు నేను చూశాను. మూలప్రతి చేతిలో లేని రేపటి పాఠకుడు ఆ బొమ్మలు అలాగే ఉండేవనుకుంటాడు. ఉన్నది ఉన్నట్లు స్కాన్ చేసి దాచండి, చదువుకోవడానికి తెల్లబరిచిన ప్రతి విడిగా చేసుకోండి.

మరి ఏమి చేయాలి అంటారా? పాత పత్రికను చూసేటప్పుడు నేను వేసుకొనే ప్రశ్నలు ఇవి. అన్ని పుటలూ ఉన్నాయా? పుట తిప్పితే వంగుతున్నదా, చిటపటమంటున్నదా? అంచుల నుంచి పొడి రాలుతున్నదా? పుల్లని ఘాటు వాసన వస్తున్నదా? పిన్ను తుప్పు కాగితాన్ని తిన్నదా? ఈ ఐదూ అయ్యాకే రంగు. అదీ ఒక్క మాటలో కాదు: అంచున ఎంత, నడుమ ఎంత, ఏ వెలుతురులో, ఏ తేదీన చూశాము అని. మూల మడిచి పరీక్షించనక్కరలేదు, ఆ పరీక్ష పుస్తకాన్నే గాయపరుస్తుంది. పుట దానంతటది వాలే తీరే చాలినంత చెబుతుంది.

అలాగే దాచే పద్ధతి. అటక వద్దు, నేలబారు అర వద్దు. ఇంటిలో అన్నిటికంటె చల్లగా, చీకటిగా, గాలి ఆడేచోట ఉంచండి. మెత్తని పీవీసీ సంచులు వద్దు, అవి కాలక్రమాన ఆమ్లం వదులుతాయి. పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ తొడుగు, వెనుక ఆమ్లరహితమైన అట్ట చాలు. బైండును విడదీయకండి. పసుపును కడగకండి.

అమ్మేవారికి ఒక మాట. మీరు 'ధర రాదు' అన్నది ఆ రోజు మీ అంగడికి మాత్రమే వర్తించే తీర్పు. వినేవారు దానిని ఆ పుస్తకం ఆయుర్దాయంగా వింటున్నారు. నోటికి ఆ మాట వచ్చినప్పుడు 'అయినా పారేయకండి' అన్న రెండు మాటలు కూడ జతచేయండి. కొనేవారికి ఒక మాట. తెల్లకాగితం కావాలంటే బజారులో రీము రెండు మూడు వందలకు దొరుకుతుంది. పాత పత్రిక కావాలంటే దాని వయసును కూడ కొనుక్కోవాలి.

అటకపై బైండ్లు ఉన్న ఇళ్ళు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వాటి కాగితం ఎర్రబడే ఉంటుంది. కాగితాలవాడు పిలవకముందే ఒకసారి దించి, తెరిచి చూడండి. పుట విరగకుండా తిరిగితే అది బ్రతికి ఉన్నట్లే.